ఆదిలో జంట ఉందా?

శతశృంగం మీద పాండురాజు కుంతిని ఒప్పించడానికి నానా తంటాలు పడతాడు. కిందముడనే ముని శాపం వల్ల ఆయన భార్యను తాకితే ప్రాణం పోతుంది. పిల్లలు లేకపోతే పితృఋణం తీరదు. మరొకరి వల్ల సంతానం కనమని అడిగితే కుంతి ససేమిరా అంటుంది. అప్పుడాయన ఒక పాత సంగతి తీస్తాడు. పూర్వం స్త్రీలకు ఏ కట్టడీ లేదట. మనసైన చోటికి వెళ్లేవారట, దాన్ని ఎవరూ అధర్మం అనలేదట. పశుపక్ష్యాదులు ఇప్పటికీ అలాగే బతుకుతున్నాయని, ఉత్తర కురుభూముల్లో ఆ ఆచారం ఇంకా నడుస్తోందని కూడా చెబుతాడు. మరి ఈ హద్దు ఎవరు గీశారంటే, ఉద్దాలకుడి కొడుకు శ్వేతకేతువు. తండ్రి చూస్తుండగానే ఒక బ్రాహ్మణుడు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే ఆ కుర్రవాడు మండిపడ్డాడు. కోపం వద్దు నాయనా, ఇది సనాతన ధర్మమేనని తండ్రి సర్దిచెప్పబోయాడు. కొడుకు వినలేదు.

ఇక మీదట భర్తను కాదని వేరొకరి దగ్గరికి వెళ్లే స్త్రీకి భ్రూణహత్య చేసినంత పాపమని శ్వేతకేతువు శాసించాడు. పురాణ కాలక్షేపాల్లో ఎక్కువగా వినపడేది ఈ మాటే. దాని వెన్నంటే ఉన్న మాట అంతగా వినపడదు: పతివ్రత అయిన భార్యను కాదని వేరే దారి పట్టే మగవాడికీ సరిగ్గా అంతే పాపం. భారతం ఆదిపర్వంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చెబుతున్న పాండురాజుకేమో ఇద్దరు భార్యలు.

ఈ కథలో అసలు విశేషం పాండురాజు వాదించే తీరు. ఏది ధర్మమో తేల్చడానికి ఆయన మొదట్లో ఎలా ఉండేదని చూస్తాడు, జంతువులు ఏం చేస్తున్నాయని చూస్తాడు. మత్తయి సువార్తలో యేసుదీ ఇదే పద్ధతి, ఫలితం మాత్రం తలకిందులు. విడాకుల గురించి పరిసయ్యులు అడిగితే, మీ గుండెలు బండబారాయి గనుక మోషే ఒప్పుకున్నాడు గానీ ఆదిలో అలా లేదంటాడు. సృష్టి మొదట ఉన్నది ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఆదిని చూపించి పాండురాజు కట్టు సడలించబోయాడు, యేసు దాన్నే చూపించి కట్టు బిగించాడు.

ఇప్పుడు ఆది ఎలా ఉండేదో చెప్పే పని జీవపరిణామ శాస్త్రానికి వచ్చింది. తగవు మాత్రం తీరలేదు. 1981లో ఓవెన్ లవ్‌జాయ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద వ్యాసం రాశారు. మన పూర్వీకులు రెండు కాళ్ల మీద లేచి నిలబడటానికి, మగవాడు తన తోడుకు, పిల్లలకు తిండి మోసుకురావడానికి సంబంధం ఉందని, జంట కట్టడం మనిషంత పాతదని వాదించారు. 2010లో క్రిస్టఫర్ రయాన్, కసిల్డా జెఠా రాసిన 'సెక్స్ ఎట్ డాన్' దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. వ్యవసాయం, ఆస్తి రాకముందు మనుషులు గుంపుల్లో పలువురితో కలిసి బతికారని, ఒకరికి ఒకరు అన్నది పొలం గట్లతో పాటు పుట్టుకొచ్చిందని ఆ పుస్తకం చెప్పింది. ఆ రెండో వాదం సాధారణ పాఠకుల్లోకి వేగంగా పాకింది. మన దగ్గర మగవాడి నైజమే అంత అని తేల్చేసే పెద్దలకు పుస్తకాల అవసరమే లేదు. తిరక్క మగాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అన్న సామెత వాళ్ల నాలుక చివరే ఉంటుంది.

ఆ సామెతకు గట్టి దెబ్బ మన దేశపు కోతుల దగ్గరే తగిలింది. తెలుగువాళ్లు కొండముచ్చు అనే కోతిని 1960ల మొదట్లో కర్ణాటకలోని ధార్వాడ్ పరిసరాల్లో యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త గమనించారు. ఒక పెద్ద మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసి ఒక మంద. బయటి నుంచి మగవి వచ్చి పాతదాన్ని తరిమేశాయి. మందను చేజిక్కించుకున్న మగది చంటిపిల్లలను కొరికి చంపింది. బిడ్డ పోయిన తల్లులు త్వరలోనే ఎదకు వచ్చి దానితోనే జత కట్టాయి. ఇదేదో మతిచెడిన ప్రవర్తన అనుకున్నవాళ్లే అప్పట్లో ఎక్కువ. 1970లలో హార్వర్డ్ పరిశోధకురాలు సారా బ్లాఫర్ హర్డీ రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో ఏళ్ల తరబడి కొండముచ్చుల వెంట తిరిగి, 1977లో వెలువరించిన పుస్తకంలో వేరే లెక్క చెప్పారు. పాలిచ్చే తల్లి ఎదకు రాదు. బిడ్డ పోతే వస్తుంది. మంద మీద పెత్తనం కొద్దికాలమే దక్కే మగదానికి అంత ఓపిక పట్టే వ్యవధి లేదు. అందుకే ఆ ఘోరం.

హర్డీ అక్కడితో ఆగలేదు. ఆడ కొండముచ్చులు తమ మందలోని మగదానితోనే కాక, అదను దొరికితే బయటి మగవాటితోనూ కలవడం చూశారు. అప్పటికే కడుపుతో ఉన్నవి కూడా ఆ పని చేశాయి. తనతో కలిసిన ఆడదాని బిడ్డ తనదే కావచ్చు గనుక మగది దాని జోలికి పోకుండా ఉండే అవకాశం ఎక్కువ. అంటే ఆ తల్లికి తిరగడం బిడ్డను దక్కించుకునే దారి. ఆడదంటే సహజంగా ఒద్దిక, మగవాడంటే సహజంగా చపలత్వం అన్న నమ్మకాన్ని డార్విన్ నుంచి వచ్చిన శాస్త్రం కూడా పెద్దగా ప్రశ్నించకుండా మోసింది. ఆ నమ్మకం ఆబూ కొండ మీద బీటలు వారింది.

పక్షుల విషయంలో కథ ఇంకోలా మలుపు తిరిగింది. పక్షిజాతుల్లో నూటికి 90కి పైగా జంటగానే గూడు కడతాయని పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్ 1968లో రాసినప్పుడు, దాంపత్యానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదనిపించింది. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టారు. నేరస్థులను పట్టుకోవడానికి వాడిన పద్ధతినే కొద్ది ఏళ్లకు పక్షిగూళ్లకూ వాడారు. ఆస్ట్రేలియాలో సుపర్బ్ ఫెయిరీరెన్ అనే నీలిరంగు చిన్న పిట్ట జంట కట్టి జీవితాంతం ఒకేచోట కాపురం ఉంటుంది. దాని గూట్లో పెరిగే పిల్లల్లో సగానికి చాలా మించి పక్క కుటుంబాల మగవాటివని తేలింది. అప్పటినుంచి శాస్త్రవేత్తలు రెంటినీ విడదీసి మాట్లాడుతున్నారు. కలిసి కాపురం చేయడం వేరు, సంతానమంతా ఆ ఇద్దరిదే కావడం వేరు.

రామాయణానికి కారణమైన క్రౌంచ మిథునం గుర్తుకు వస్తుంది. ఆ క్రౌంచం సారస కొంగేనని జూలియా లెస్లీ అనే పండితురాలు 1998లో వివరంగా వాదించారు. ఉత్తరాది వరిచేలల్లో, చెరువు గట్ల మీద మనిషంత ఎత్తున జంటగా నిలబడే ఆ పక్షి దాంపత్యానికి పెట్టింది పేరు. గోపీ సుందర్, ఆయన సహచరులు అనేక ఏళ్లపాటు 11 వేలకు పైగా గుంపులను పరిశీలించి 2022లో ఒక సంగతి బయటపెట్టారు. ఎక్కడో రెండు శాతం లోపు చోట్ల సారసాలు మూడేసి కలిసి ఉంటున్నాయి. తడి, తిండి తక్కువగా ఉన్న చోట్ల ఇద్దరి వల్ల పిల్ల పెరగడం కష్టం. మూడోది వచ్చి చెయ్యి వేస్తుంది. మూడూ గొంతు కలిపి కూత కూస్తాయి. ఇది తెలిసినంత మాత్రాన వాల్మీకి శోకానికి వచ్చిన లోటేమీ లేదు. తక్కిన 98 శాతం జంటలు జంటలే. అంత నిష్ఠగల జాతిలో కూడా అవసరం వస్తే జంట కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది, అంతే.

పాలిచ్చే జంతువుల్లో జంట అరుదు. డీటర్ లూకాస్, టిమ్ క్లట్టన్-బ్రాక్ 2013లో 2,500కు పైగా జాతులను లెక్కగట్టి, జంటగా బతికేవి సుమారు 9 శాతమే అన్నారు. ఆడవి దూరదూరంగా చెల్లాచెదురైతే మగది ఒక్కదాన్నే కాపలా కాయగలదు, జంటకు మూలం అదేనని వాళ్ల నిర్ణయం. అదే వారంలో క్రిస్టఫర్ ఓపీ బృందం కోతిజాతుల మీద వేరే నిర్ణయం ప్రకటించింది: శిశుహత్య నుంచి బిడ్డను కాపాడుకోవడానికే మగది తల్లి పక్కన నిలబడింది. ఒకే ప్రశ్నకు, ఒకే తరహా గణితంతో, రెండు జవాబులు.

ఇల్లినాయ్ గడ్డిమైదానాల్లో ప్రేరీ వోల్ అనే చిన్న ఎలుకజాతి ఉంది. లోవెల్ గెట్జ్ అనే శాస్త్రవేత్త బోనులు పెట్టి వాటిని పట్టేవారు. తెరిచిన బోనులో పదేపదే అదే మగది, అదే ఆడది కలిసి కనబడటం ఆయన్ను ఆశ్చర్యపరిచింది. స్యూ కార్టర్ ఆ జంట గుట్టు హార్మోన్లలో వెతికారు. కాన్పులో, పాలివ్వడంలో పనిచేసే ఆక్సిటోసినే ఈ బంధంలోనూ పనిచేస్తోందని తేలింది. 2004లో లారీ యంగ్ బృందం, జంట కట్టని మెడో వోల్ మగవాటి మెదడులో వాసోప్రెసిన్‌ను అందుకునే గ్రాహకాలను పెంచింది. అవి ఒకే తోడును అంటిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టాయి. ప్రేమ జన్యువు దొరికిందని పత్రికలు సంబరపడ్డాయి. 2023లో దేవానంద్ మనోలి బృందం ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని ప్రేరీ వోల్స్‌ను పుట్టించింది. అవీ జంటలు కట్టాయి. బంధం ఒక్క తీగ మీద వేలాడటం లేదు.

ఇక మనిషి సంగతి. ఒంటిమీదే కొన్ని జాడలు ఉన్నాయి. 1981లో అలెగ్జాండర్ హార్‌కోర్ట్, మరికొందరు వానరాల వృషణాలను తూచి చూశారు. ఒక మగది పలు ఆడవాటిని తనకే కాపాడుకునే గొరిల్లాకు, 170 కిలోల ఒంటికి, అవి 30 గ్రాములు. ఆడది వరసగా చాలా మగవాటితో కలిసే చింపాంజీకి, 45 కిలోల ఒంటికే, 120 గ్రాములు. అక్కడ పోటీ వీర్యకణాల మధ్య. మనిషికి 40 గ్రాములు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే గొరిల్లా పక్కకే ఎక్కువగా చేరతాడు. అయితే గొరిల్లా మగది ఆడదానికి రెండింతలు ఉంటుంది, మన మగవాళ్లు ఆడవాళ్ల కంటే కొద్దిగానే పెద్ద. కాబట్టి పూర్తిగా జనానా నడిపిన జాతి కాదు, గుంపుగా కలిసిన జాతీ కాదు. ఎక్కువగా జంట, అప్పుడప్పుడు బహుభార్యత్వం, చాటుగా కొంత పక్కచూపు. ఒళ్లు చెప్పే సాక్ష్యం ఇంతే. దీన్ని బట్టి ఎవరినీ నిర్దోషులుగా విడిచిపెట్టలేం, దోషులుగా తేల్చలేం.

బిడ్డ చెప్పే సాక్ష్యం ఇంకా బలమైనది. చింపాంజీ తల్లి ఒక పిల్లను ఒంటరిగా పెంచి, అది తన కాళ్ల మీద నిలబడ్డాక, అయిదారేళ్లకు, ఇంకోదాన్ని కంటుంది. వేట మీద, దుంపల మీద బతికే మనుషుల్లో మూడు నాలుగేళ్లకే తరవాతి బిడ్డ వస్తుంది. ముందు బిడ్డకు ఇంకా అన్నం కలిపి పెట్టాలి. అలాంటి సమాజాల్లో పిల్లవాడు తాను తినేంత తిండి తానే తేగలిగేది దాదాపు 18 ఏళ్లు దాటాకేనని హిల్లార్డ్ కాప్లాన్ లెక్కలు చెబుతున్నాయి. అంతకాలం ఎవరు పెడతారు? తండ్రి పెడతాడు. టాంజానియాలోని హాడ్జా తెగలో దుంపలు తవ్వి తెచ్చి మనవలకు పెట్టే అమ్మమ్మలను క్రిస్టెన్ హాక్స్ చూపించారు. అక్కలు ఎత్తుకుంటారు, మేనమామలు చూస్తారు. ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదని హర్డీ 2009లో మరో పుస్తకమే రాశారు. జంట అవసరమైందంటే అది ఈ పెద్ద పెంపకంలో ఒక భాగంగా అవసరమైంది.

అందుకే పెంపకం మారిన చోట పెళ్లీ మారింది. మానవశాస్త్రవేత్త జార్జ్ మర్డాక్ జాబితాలో 1,231 సమాజాలు ఉంటే, ఒక్కరినే పెళ్లాడాలని నియమం ఉన్నవి 186. మిగిలినవన్నీ, ఒక నాలుగు తప్ప, మగవాడికి పలువురు భార్యలను ఒప్పుకున్నవే. అయితే ఒప్పుకున్న ఊళ్లో కూడా అత్యధికులకు ఒకే భార్య, ఎందుకంటే ఇద్దరిని పోషించే స్థోమత కొందరికే ఉంటుంది. ఆ నాలుగింటిలో భర్తలు పలువురు. హిమాలయాల్లో జౌన్సార్ బావర్ లాంటి చోట్ల అన్నదమ్ములంతా ఒకే స్త్రీని పెళ్లాడితే పొలం ముక్కలు కాకుండా నిలిచేది. ద్రౌపది పెళ్లప్పుడు ధర్మరాజు ఏడుగురు ఋషులను పెళ్లాడిన జటిలను ఉదాహరణగా చూపించింది గాలిలోంచి కాదు. వెనెజువెలాలోని బారీ తెగలో కడుపుతో ఉన్నప్పుడు కలిసిన మగవాళ్లందరూ బిడ్డకు తండ్రులే. ఇద్దరు తండ్రులున్న పిల్లల్లో 80 శాతం 15 ఏళ్లు నిండేదాకా బతికారు, ఒక్క తండ్రే ఉన్నవారిలో 64 శాతమే. నమీబియాలోని హింబా తెగలో 48 శాతం పిల్లలు భర్తకు పుట్టినవారు కారని 2020లో బ్రూక్ స్కెల్జా బృందం చూపింది. ఆ సంగతి భర్తలకు చాలావరకు తెలుసు, పిల్లలను తమవారిగానే పెంచుతారు. మాలీలోని డోగన్ తెగలో అది 1.8 శాతం. అక్కడ నెలసరి వచ్చిన స్త్రీ ఊరికి తెలిసేలా ప్రత్యేక గుడిసెలో ఉండాలి. మతం పితృత్వానికి కాపలా కాస్తోందని బెవర్లీ స్ట్రాస్‌మన్ 2012లో చెప్పారు. మన ఊళ్లలో ముట్టు గదులు చూసినవారికి ఆ మాట మింగుడుపడటం కష్టమే గానీ ఆలోచించవలసిందే.

ఇంత వైవిధ్యం చూశాక ఆదిలో ఏముందన్న ప్రశ్న బలం తగ్గిపోతుంది. ఆది ఒక తీర్పు ఇవ్వలేదు, ఒక సామర్థ్యం ఇచ్చింది. గాఢంగా ఒకరికి కట్టుబడగలగడం, అదే సమయంలో మరొకరి వైపు మనసు లాగడం, రెండూ అందులో ఉన్నాయి. ఉన్నదాని నుంచి ఉండవలసినదానికి నేరుగా దూకడం కుదరదని డేవిడ్ హ్యూమ్ 1740 నాటి గ్రంథంలో అన్నాడని తత్త్వశాస్త్ర తరగతుల్లో చెబుతారు. మనుస్మృతి అయిదో అధ్యాయంలోనూ ఆ దూకుడుకు అడ్డు ఉంది. మాంసం, మద్యం, మైథునం ప్రాణుల సహజ ప్రవృత్తి, వాటిలో దోషం లేదు, వాటి నుంచి నివృత్తి మహాఫలం అంటుంది. సహజమని ఒప్పుకుంటూనే, ఎంచుకోవలసింది వేరే ఉందని చెప్పడం అది. కామాన్ని పురుషార్థాల్లో ఒకటిగా గౌరవించి, దాన్ని ధర్మం పక్కన కూర్చోబెట్టిన సంప్రదాయానికి ఇది కొత్త కాదు.

మరి ఒకరికి ఒకరు అన్న నియమం ఇంతగా ఎందుకు గెలిచింది? జోసెఫ్ హెన్రిచ్, రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్సన్ 2012లో చెప్పిన జవాబు సమాజం వైపు నుంచి. ఒక ఊళ్లో 100 మంది మగవాళ్లు, 100 మంది ఆడవాళ్లు ఉన్నారనుకుంటే, 10 మంది మోతుబరులు ముగ్గురేసి భార్యలను తెచ్చుకోగానే మిగిలిన 90 మందికి 70 మందే మిగులుతారు. పెళ్లి ఆశ లేని 20 మంది కుర్రాళ్లు ఊరికి భారం, గొడవలకు సిద్ధం. అమ్మాయిలను చిన్న వయసులోనే పట్టుకుపోయే తొందర పెరుగుతుంది. భాగ్యవంతుల కోరికకు హద్దు పెట్టిన సమాజాలు నిలదొక్కుకున్నాయని వారి వాదం. ఈ చూపుతో చూస్తే ఏకపత్నీవ్రతం మొదట బలవంతుడి మీద పెట్టిన కట్టడి. నలుగురి దాకా అనుమతించిన ఖురాన్ కూడా, న్యాయంగా చూడలేనని భయపడితే ఒక్కరితో ఆగమన్నది.

అయితే ఆచరణలో కట్టడి ఎవరి మెడకు చుట్టుకుందో చరిత్ర చెబుతుంది. ముగ్గురు భార్యల దశరథుడి కొడుకు ఒక్క సీతకే కట్టుబడ్డాడు. ఆ వ్రతాన్ని పాడుకున్న ఇళ్లలోనే మగవాడి రెండో పెళ్లి చట్టానికి పట్టలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1949లో హిందువుల ద్విభార్యత్వ నిషేధ చట్టం వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టంతో ఆ నియమం మిగతా హిందువులకూ చేరింది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ ఇంకా వింతగా నడిచింది: పెళ్లయిన స్త్రీతో కలిసిన మగవాడిని శిక్షించేది, కానీ ఆమె భర్త సమ్మతి ఉంటే నేరమే కాదు. భర్త దారి తప్పితే భార్యకు ఫిర్యాదు హక్కే లేదు. అంటే రక్షించింది దాంపత్యాన్ని కాదు, భర్త సొత్తును. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వ్యభిచారం విడాకులకు కారణంగా మాత్రం మిగిలింది. శ్వేతకేతువు రెండో వాక్యం పట్టించుకుని ఉంటే ఆ సెక్షన్ అన్నేళ్లు నిలిచేది కాదు.

తెలుగు పెళ్లిలో కన్యాదాత అడిగినప్పుడు నాతిచరామి అనేది పెళ్లికొడుకు. ధర్మంలో, అర్థంలో, కామంలో అతిక్రమించనని మాట ఇచ్చేది అతడే. మాట ఇవ్వడంలో అర్థం ఉండాలంటే తప్పే అవకాశం ఉండాలి. ఆ అవకాశం ఒంట్లోనే ఉందని శాస్త్రం చెప్పినంత మాత్రాన మాట విలువ తగ్గదు, దాని బరువు ఎంతో తెలుస్తుంది. అలాగని ప్రతిజ్ఞ ఒకవైపు, ఒళ్లు ఒకవైపు ఎప్పటికీ పోట్లాడుకుంటూనే ఉంటాయనుకోవడమూ పొరపాటే. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో లీ గెట్లర్, క్రిస్టఫర్ కుజావా 624 మంది యువకుల టెస్టోస్టెరాన్‌ను 2005లో ఒకసారి, 2009లో మరోసారి కొలిచి 2011లో ఫలితాలు ప్రకటించారు. మొదట ఆ హార్మోన్ ఎక్కువగా ఉన్న బ్రహ్మచారులే ఆ తరవాత జంటై తండ్రులయ్యే అవకాశం ఎక్కువని, తండ్రులైనవారిలోనే అది అందరికంటే ఎక్కువగా పడిపోయిందని తేలింది. తండ్రుల్లో కూడా, పిల్లల పనుల్లో అసలు చెయ్యి పెట్టనివారి కంటే, రోజుకు 3 గంటలో అంతకంటే ఎక్కువో బిడ్డను ఎత్తుకుని, తినిపించి, స్నానం పోసి చూసుకునేవారిలో ఆ హార్మోన్ ఇంకా తక్కువగా ఉంది.